బరువు రెండో దెబ్బ మీద ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

కార్నివాల్ రోజులు వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికల్లో రియో డి జనీరో ఫోటో ఒకటి తప్పకుండా పడుతుంది. ఈకల కిరీటం, తళుకుల బట్టలు, కింద ‘సాంబా నృత్యం’ అన్న మాట. ఆ ఫోటోలోకి రానివాళ్లు వెనకాల నడుస్తుంటారు. రెండు మూడు వందల మంది వాద్యకారుల దళం అది, పేరు ‘బతెరియా’. బ్రెజిల్ సంగీతం పరిచయం కావాల్సింది అక్కణ్ణుంచే అని మా అభిప్రాయం. కొత్తగా వినాలనుకునేవాళ్లు చాలామంది మొదటి వారంలోనే వదిలేస్తున్నారు. ఆ తప్పు సంగీతానిదీ కాదు, వాళ్ల చెవులదీ కాదు. ఎక్కడ చెవి పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడమే కారణం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

మొదట సుర్దో. ఇది మెడకో నడుముకో తగిలించుకుని కొట్టే పెద్ద డోలు. సాంబా తాళానికి రెండే దెబ్బలు. మన చెవి సహజంగానే మొదటి దెబ్బ దగ్గర, అంటే సమం దగ్గర, బరువు వెతుకుతుంది. సాంబాలో అన్నిటికన్నా లావు గొంతున్న సుర్దో మోగేది రెండో దెబ్బ మీద. దాన్ని ‘ప్రిమేరా’ అంటారు. మొదటి దెబ్బకు అంతకన్నా కాస్త సన్నగా పలికే ‘సెగుందా’ జవాబిస్తుంది. మూడోది, ‘తెర్సేరా’, ఈ రెండింటి సందుల్లో ఎదురుగా అల్లుకుపోతుంది. మొదటి దెబ్బ మీద చప్పట్లు కొడుతూ విన్నవాళ్లకు పాట జారిపోతున్నట్టు ఉంటుంది. చెయ్యి రెండో దెబ్బకు మార్చండి, నిమిషంలో కుదురుకుంటుంది. ఇంకో అడ్డంకి ఫోన్ స్పీకరు. సుర్దో పలికే అడుగు స్వరాలు అందులోంచి బయటికే రావు. మిగిలేది గిలకల చప్పుడు, తీగల మోత. దాన్ని విని ‘సాంబా అంటే గోల’ అనుకుంటారు. కనీసం మంచి ఇయర్‌ఫోన్లు లేకుండా సాంబా వినవద్దని మా మనవి.

ఆ తర్వాత తంబొరిం. ఇది అరచేతి కన్నా కాస్త పెద్ద డప్పు, సన్న పుల్లతో కొడతారు. దీని నడక తెలుగువాళ్లకు చెప్పడం సులువు, మనకు ఛందస్సు ఉంది కనుక. లఘువును ఒక మాత్రగా, గురువును రెండు మాత్రలుగా కొలవండి. గగగలగ, ఆ వెంటనే గగలగ. మొదటి ముక్క 9 మాత్రలు, రెండోది 7, మొత్తం 16. పద్యం కట్టేవాళ్ల భాషలో మగణం, లగం, తగణం, ఒక గురువు. ప్రతి అక్షరం మొదట్లో పుల్ల పడుతుంది, అంటే చక్రానికి 9 దెబ్బలు. పెద్ద సుర్దో 5వ మాత్ర మీద, 13వ మాత్ర మీద మోగుతుంది. కుడిచేత్తో బల్ల మీద తంబొరిం, ఎడమ పాదంతో సుర్దో పట్టుకుని పది నిమిషాలు సాధన చేస్తే చాలు, మీకు సాంబా దొరికినట్టే. ఒక జాగ్రత్త. చాలా పాటలు 7 మాత్రల ముక్కతో మొదలవుతాయి. మీ చేతికీ పాటకీ పొసగకపోతే ముక్కలు తిరగేయండి. నడక మార్చకండి. అది మారదు.

ఈ 16 మాత్రల నడక 1920ల చివర్లో రియోలోని ఎస్తాసియో పేటలో స్థిరపడింది. సాంబా బడి అంటే పాఠశాల కాదు, కార్నివాల్‌లో పాటతో ఊరేగే పేట బృందం. తొలి సాంబా బడిగా చెప్పుకునే ‘దేషా ఫలార్’ 1928లో పుట్టింది అక్కడే. ఈ సంగతి తెలియకపోతే ఒక చిక్కు వస్తుంది. చరిత్ర క్రమంలో విందామని చాలామంది ‘తొలి సాంబా రికార్డు’తో మొదలుపెడతారు. అది ‘పేలు తెలెఫోని’. దోంగా అనే స్వరకర్త 1916లో జాతీయ గ్రంథాలయంలో తన పేర నమోదు చేయించిన పాట, 1917లో ఓడియన్ రికార్డుగా వచ్చింది. మన పాత తెలుగు గ్రామఫోను రికార్డుల మీదా కనిపించే ఓడియన్ ముద్రే అది. ఆ పాట నడక సాంబా కన్నా దానికి ముందరి ‘మషీషి’ నాట్యానికి దగ్గర. పైగా అప్పటికి మైకు లేదు, గరాటులోకి పాడి రికార్డు చేసేవారు. డోలు గట్టిగా మోగితే సూది అదిరేది కాబట్టి డోళ్లను దూరం పెట్టారు. బ్రెజిల్‌లో విద్యుత్ మైకుతో రికార్డింగు 1927లో మొదలైంది. వీధి సాంబా వాద్యాలు రికార్డు మీదికి ఎక్కింది 1929 చివర్లో. కాబట్టి 1917 పాటలో సుర్దో కోసం వెతికితే దొరకదు.

మా సలహా ఏమిటంటే కార్తోలాతో మొదలుపెట్టండి. 1908లో పుట్టిన ఈయన మంగేరా సాంబా బడి స్థాపకుల్లో ఒకరు. పచ్చ, గులాబి రంగులను ఆ బడికి ఎంచిపెట్టింది ఆయనే. 1950ల్లో ఒక పత్రికా రచయిత గుర్తుపట్టేనాటికి రియోలోని ఇపనేమా పేటలో కార్లు కడుగుతున్నాడు. సొంత పేరుతో తొలి ఆల్బం వచ్చింది 1974లో, 65 ఏళ్ల వయసులో. రెండోది 1976లో. రెండింటి పేరూ ‘కార్తోలా’యే. గొంతులో హడావిడి ఉండదు, వాద్యాలు ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తాయి. పైన చెప్పిన సుర్దో, తంబొరిం, వాటి పక్కన నాలుగు తీగల బుల్లి కవకీన్యు, కింద ఏడు తీగల గిటారు. ఏడు తీగల గిటారు చేసేది శ్రుతి వేయడం కాదు. పాట ఊపిరి తీసుకున్న చోటల్లా మంద్రంలో ఇంకో పాట అల్లుతుంది. ఒకసారి పాట కోసం వినండి, ఇంకోసారి ఆ గిటారు ఒక్కదాని కోసమే వినండి.

ఆ గిటారు సంప్రదాయం సాంబాకన్నా పాతదైన ‘షోరు’ నుంచి వచ్చింది. ఫ్లూటు, కవకీన్యు, గిటార్లు, పందేరు ఉండే వాద్య సంగీతం అది. పందేరు అంటే మన కంజీరకు దూరపు చుట్టం. చర్మం పెద్దది, గిలకలు అయిదు జతలు. బొటనవేలు, వేళ్ల కొసలు, అరచేతి మడమ వంతులవారీగా పడుతుంటే ఒక్క మనిషే డోలూ తాళాలూ అయిపోతాడు. షోరులో పిషింగిన్యా, జకోబ్ దు బందోలిం పేర్లు గుర్తుంచుకుంటే చాలు. జకోబ్ 1967 ఆల్బం ‘విబ్రసోయిస్’ వినకుండా ఎవరూ ఉండకూడదు.

ఇప్పుడు బోసా నోవా, సాంబా నుంచి పుట్టిన కొత్త పద్ధతి. దీన్ని హోటల్ లాంజిలో మోగే మెత్తని సంగీతంగా లోకం చేసిపెట్టింది. జువావ్ జిల్బెర్తో చేసిన పని అది కాదు. ఆయన మొత్తం బతెరియాను ఒక్క నైలాన్ తీగల గిటారులోకి దించాడు. కుడిచేతి బొటనవేలు అడుగు తీగ మీద ప్రతి దెబ్బకూ తప్పకుండా పడుతుంది, అది సుర్దో. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడు తీగలను ఒకేసారి గిల్లుతాయి, అది తంబొరిం. దాని మీద గొంతు గమకం లేకుండా, మాట్లాడినంత మెల్లగా సాగుతుంది. కానీ ఎప్పుడూ గిటారుతో కలిసి నడవదు. మన సంగీతంలో అతీతం, అనాగతం అంటామే, పాట పొడుగునా ఆ ఆటే. కొన్ని పాదాలు దెబ్బకు ముందే వెళ్లిపోతాయి, కొన్ని వెనకబడి చివర్లో వచ్చి కలుస్తాయి. నేపథ్యంలో పెట్టుకుని వింటే ఇదేదీ చెవిన పడదు. అందుకే బోసా నోవా ‘బోరు’ అనిపిస్తుంది.

ఆ గిటారు మొదట వినిపించింది 1958లో, గాయని ఎలిజెతి కార్దోజో ఆల్బంలో రెండు పాటల్లో. అదే ఏడాది ‘షేగా జి సౌదాజి’ జువావ్ గొంతుతో సింగిల్‌గా వచ్చింది, 1959లో అదే పేరుతో ఆల్బం. ఆ పాటకు సంగీతం ఆంతోనియో కార్లోస్ జోబిమ్, మాటలు వినీసియస్ జి మొరాయిస్. సౌదాజి అన్న మాటకు ఇంగ్లీషులో మాట లేదని రాస్తుంటారు. తెలుగువాళ్లం ‘బెంగ’ అంటే సరిపోతుంది. ఆ ఆల్బంలో 12 పాటలున్నా అరగంట కూడా పట్టదు. ఇక్కడొక ఇబ్బంది ఉంది. ఆయన తొలి మూడు ఆల్బంలను తర్వాత కలిపి మళ్లీ విడుదల చేసినప్పుడు శబ్దం మార్చి చెడగొట్టారని జువావ్ కోర్టుకెక్కాడు. చాలా ఏళ్లు అవి బజారులో సరిగ్గా దొరకలేదు. ఇప్పుడు నెట్‌లో కనిపించే ప్రతుల్లో కొన్నింటికి కృత్రిమంగా ప్రతిధ్వని కలిపి ఉంటారు. గొంతు చెవి పక్కన కాకుండా హాలు చివర ఉన్నట్టు వినిపిస్తే ఆ ప్రతి వదిలేసి ఇంకోటి చూడండి. ఆ గొడవే వద్దనుకుంటే 1973 ఆల్బం ‘జువావ్ జిల్బెర్తో’ తీసుకోండి. గొంతు, గిటారు, కాస్త తాళవాద్యం, అంతే. మొదటి పాట ‘ఆగ్వాస్ జి మార్సు’, అంటే మార్చి వానలు. భూగోళానికి అటుపక్క కాబట్టి రియోలో మార్చి అంటే వేసవి ముగింపు, కుండపోతలు. ఈ పాటనే గాయని ఎలీస్ రెజీనా, జోబిమ్ కలిసి 1974లో లాస్ ఏంజెలిస్‌లో పాడారు. రెండూ పక్కపక్కన పెట్టి వినదగ్గవి.

అమెరికన్ సాక్సఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్స్‌తో జువావ్ 1963లో చేయగా 1964లో విడుదలైన ఆల్బం ‘గెట్స్/జిల్బెర్తో’ అందరికీ తెలిసిందే. ‘ఇపనేమా అమ్మాయి’ పాట ఆల్బంలో అయిదు నిమిషాలు దాటుతుంది, మొదట జువావ్ పోర్చుగీసులో పాడతాడు. సింగిల్ వేసినప్పుడు ఆ భాగం కోసేసి, జువావ్ అప్పటి భార్య ఆస్త్రూజి పాడిన ఇంగ్లీషు భాగం మాత్రం ఉంచారు. రేడియోల్లో తిరిగింది ఈ కోసిన ముక్కే. నెట్‌లోని పాటల జాబితాల్లోనూ ఇదే ఎక్కువ. పాట మూడు నిమిషాల్లోపు ముగిస్తే మీరు విన్నది సగమే.

1967 నుంచి 1972 దాకా గడిచిన అయిదేళ్ల దగ్గర ఆగాలి. 1967లో సావ్ పావ్లో టీవీ పాటల పోటీలో ఎదు లోబోకు మొదటి బహుమతి, జిల్బెర్తో జిల్‌కు రెండోది, షీకో బువార్కికి మూడోది, కయేతానో వెలోజోకు నాలుగోది. జిల్ తన పాటను ‘ఊస్ ముతాంచిస్’ అనే కుర్ర రాక్ బృందాన్ని వెంటబెట్టుకుని పాడాడు. బెరింబావు తంత్రీవాద్యం పక్కన ఎలక్ట్రిక్ గిటారు. కొందరు ఈలలు వేసి ఎగతాళి చేశారు. మరుసటి ఏడాది ‘త్రోపికాలియా’ ఆల్బం. పరాయిది వస్తే భయపడక్కర్లేదు, మింగి అరిగించుకుని మనదిగా చేసుకోవాలన్న వాదం దాని వెనక ఉంది. కవి ఓస్వాల్ద్ జి అంద్రాజి 1928 నాటి ప్రకటనది ఆ ఆలోచన. నేటి కలగలుపు సంగీతానికి మూలం వెతికేవాళ్లు ఇక్కడికి రావాల్సిందే. 1968 డిసెంబరులో సైనిక ప్రభుత్వం పౌరహక్కులు రద్దు చేసింది. ఆ నెలాఖరులోనే జిల్, కయేతానోలను అరెస్టు చేశారు. తర్వాత లండన్ ప్రవాసం, 1972లో తిరిగి రాక. కయేతానో ‘త్రాంజా’ లండన్‌లో రికార్డయి 1972లో వచ్చింది. అదే సంవత్సరం బెలో హొరిజోంచి నుంచి మిల్తన్ నాసిమెంతో, లో బోర్జిస్‌ల జంట ఆల్బం ‘క్లూబి దా ఇస్కీనా’, 21 పాటలు. నోవోస్ బయానోస్ బృందం ‘అకబో షోరారి’లో ఎలక్ట్రిక్ గిటారునూ కవకీన్యునూ ఒకే ఇంట్లో కాపురం పెట్టించినదీ ఆ ఏడే.

షీకో బువార్కి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, తెలుగువాళ్లు ఆయన్ని ఇష్టపడతారు కాబట్టి. 1971 నాటి ‘కోన్స్త్రుసావ్’ ఒక భవన నిర్మాణ కూలీ చివరి రోజు. పోర్చుగీసులో మాటకు ఏదో ఒక అక్షరం మీద ఊనిక ఉంటుంది. ఈ పాటలో ప్రతి పాదమూ చివర నుంచి మూడో అక్షరం మీద ఊనిక పడే మాటతోనే ముగుస్తుంది. ఆ భాషలో అలాంటి మాటలు తక్కువ. తర్వాతి చరణాల్లో అవే చివరి మాటలు చోట్లు మారతాయి, కథ అదే ఉండి అర్థం తలకిందులవుతుంది. చిత్రకవిత్వం ఎరిగిన మనకు ఇది వెంటనే తెలుస్తుంది. జిల్‌తో కలిసి రాసిన ‘కాలిసి’ ఇంకో మెట్టు. ఆ మాటకు పూజలో వాడే గిన్నె అని అర్థం, ‘నోరు మూసుకో’ అన్నా అదే ఉచ్చారణ. 1973 కచేరీలో ఇద్దరూ అందుకోగానే మైకులు ఆపేశారు. రికార్డుగా రావడానికి 1978 దాకా పట్టింది. నెట్‌లోని యంత్రానువాదం ఈ శ్లేషను పట్టుకోదు, గిన్నె అని మాత్రమే ఇస్తుంది.

రియో ఒక్కటే బ్రెజిల్ కాదు. ఈశాన్యంలోని కరువు సీమ సెర్తావ్. అక్కడి సంగీతానికి రేడియోలో గొంతిచ్చినవాడు లుయిస్ గొంజాగా. అకార్డియన్, త్రికోణపు ఇనుప కడ్డీ, జబుంబా డోలు, మూడే వాద్యాలు. డప్పులో సిర్ర, సిటికెన పుల్ల రెండూ ఒకే చర్మం మీద ఆడతాయి. జబుంబాకు పైచర్మం మీద లావు పుల్ల, కింది చర్మం మీద సన్న పుల్ల. నడక ఎనిమిది మాత్రలు, 3+3+2. 1947లో వచ్చిన ‘ఆజా బ్రాంకా’ వానల్లేక పక్షి సైతం వెళ్లిపోయిన నేల నుంచి వలసపోతున్న రైతు పాట. పాలమూరులో, అనంతపురంలో దీనికి అనువాదం అక్కర్లేదు.

ఆ ఈశాన్యపు రేవు నగరం రెసీఫి నుంచే 1990ల్లో మాంగి బీట్ పుట్టింది. మడ అడవి బురదలో నాటిన డిష్ యాంటెనా దాని గుర్తు. షీకో సైన్స్, నసావ్ జుంబీ బృందం ‘దా లామా ఆవ్ కావుస్’ 1994లో వచ్చింది. మరకతు ఊరేగింపుల్లోని తాళ్ల బిగింపు డోళ్లు అల్ఫాయాలను తెచ్చి హెవీ మెటల్ గిటారు కింద పెట్టారు. షీకో సైన్స్ 1997లో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి రెండే ఆల్బంలు. రియో గుట్టల మీది పేదల బస్తీల్లో పుట్టిన ఫంక్ సంగతి వేరు. అమెరికా మయామీ బాస్ రికార్డుల మీద మొదలై, చివరకు తన సొంత డోలు నడక తయారు చేసుకుంది. మాత్రలు లెక్కేస్తే 3+3+4+3+3. 16 మాత్రలే మళ్లీ. 2017లో ఎంసీ ఫియోచి పాట ఒకటి బాఖ్ ఫ్లూటు రచనను ఈ నడక మీద కూర్చోబెట్టి ప్రపంచమంతా తిరిగింది. కొత్తవాటిలో మేం ముందు పెట్టేది ఎల్జా సోవారిస్ 2015 ఆల్బం ‘అ ముల్యేర్ దు ఫిం దు ముందు’. 1960ల సాంబా గాయని, ఎనభయ్యో పడి దాటాక సావ్ పావ్లో కుర్రాళ్ల కరకు గిటార్లతో పాడింది. ర్యాపర్ ఎమిసీదా 2019 ‘అమరేలో’ పాటలో వినిపించే పాత గొంతు బెల్కియోర్ అనే గాయకుడిది, 1976 నాటిది. దాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్లండి. కొత్త పాట నుంచి పాత పాటకు పోవడమే తేలిక దారి.

మన దేశపు పేరు ఆ సంగీతంలో ఒకచోట గట్టిగా వినిపిస్తుంది. గాంధీ హత్య జరిగిన మరుసటి ఏడాది, 1949లో, బ్రెజిల్‌లోని సాల్వదోర్ నగరపు రేవు కూలీలు ‘ఫిల్యోస్ జి గాంధీ’, గాంధీ బిడ్డలు, అనే కార్నివాల్ బృందం పెట్టారు. తెల్ల బట్టలు, తలపాగా, నీలం తెలుపు పూసల దండలు. వాళ్ల నడక ఇజెషా, ఆఫ్రికా మూలాల కందోంబ్లే గుళ్ల నుంచి వచ్చింది, రెండు స్వరాల ఇనుప గంట అగొగో మీద నడుస్తుంది. సాంబాకన్నా నెమ్మది. జిల్, గాయకుడు జోర్జి బెన్ కలిసి చేసిన 1975 ఆల్బంలో ఈ బృందం పేరు మీదే పాట ఉంది, పది నిమిషాలు దాటుతుంది. దాని గురించి తెలుగులో ఒక్క పేరా కూడా మా కంటపడలేదు.

ఒంగోలు జాతి పశువులు అక్కడ ‘నెలోరి’గా స్థిరపడ్డాయని మన పత్రికలు తరచూ రాస్తాయి. ఆ పశువుల మేత భూముల సంగీతం సెర్తనేజు. దేశంలో ఎక్కువమంది వినేదీ అదే. పది తీగల వియోలా, జంట గొంతులు. పాతవాళ్లలో తోనికో, తినోకో అన్నదమ్ములతో మొదలుపెట్టవచ్చు.

వెతికేటప్పుడు వచ్చే చిక్కులు కొన్ని. విన్నట్టు టైపు చేస్తే దొరకవు. మాట మొదట ‘హ’ అని వినిపిస్తే ఆర్ అక్షరం కొట్టాలి. ‘ష’కు ఎక్స్ గానీ సీహెచ్ గానీ, ‘న్య’కు ఎన్‌హెచ్, ‘ల్య’కు ఎల్‌హెచ్. విడిగా వచ్చే ‘జి’ చాలాసార్లు డీఈ. పిషింగిన్యా అంటే పి ఐ ఎక్స్ ఐ ఎన్ జి యు ఐ ఎన్ హెచ్ ఏ. అక్షరాల మీది గుర్తులు పెట్టకపోయినా ఫర్వాలేదు. కయేతానోకు 1968, 1969, 1971ల్లో మూడు ఆల్బంలు ‘కయేతానో వెలోజో’ అన్న పేరుతోనే ఉన్నాయి. జిల్‌కూ అవే మూడేళ్లలో అలాగే మూడు. సంవత్సరం లేకుండా పేరు చెప్పడం విలాసం లేని ఉత్తరం లాంటిది. యాప్‌లో కనిపించే సంవత్సరం మళ్లీ విడుదలైన ఏడు కావచ్చు, సరిచూసుకోవాలి. పేరు చివర ‘ఆవ్ వీవు’ ఉంటే, అంటే ఏ ఓ, వి ఐ వి ఓ, అది కచేరీ రికార్డింగు. మొదటిసారి స్టూడియో ప్రతే వినండి. పాత 78 ఆర్‌పీఎం రికార్డులకు రియోలోని మొరేరా సాలిస్ సంస్థ నడిపే ‘దిస్కోగ్రఫియా బ్రజిలేరా’ సైటు ఉంది. వేలాది రికార్డులు ఉచితంగా వినవచ్చు.

మీకు ఒక విన్నపం. ప్రతి సాంబా బడీ ఏటా కార్నివాల్ కోసం కొత్త పాట కట్టుకుంటుంది. దాన్ని ‘సాంబా ఎన్రేదు’ అంటారు. రికార్డింగులు కార్నివాల్‌కు కొన్ని వారాల ముందే వచ్చేస్తాయి. వచ్చే ఏడు ఆ ఫోటో వేసినప్పుడు కింద ‘సాంబా నృత్యం’ అని కాకుండా ఆ బడి పేరు, ఆ ఏటి పాట పేరు, రెండూ వేయించండి. పాఠకులు వెతుక్కుని వింటారు.

ఇట్లు,
బ్రెజిల్ సంగీతం వినే కొందరు పాఠకులు,
హైదరాబాద్